రెండో గడిలో సంతకం

కోక్‌ముజ్ సరస్సు పరిశీలన కేంద్రం
జూలై 3, 1978

మహారాజశ్రీ బురుల్ పెద్దమ్మగారి దివ్యసముఖమునకు,

మీ పశువులూ ప్రాణాలూ క్షేమమని తలుస్తాను. పశువులంటే మీకున్నది ఒక్క పిల్లే అని తెలుసు, అయినా మర్యాద మర్యాదే. నేను ఇక్కడ క్షేమం. నా జోడీ పరిశీలకుడు గ్లెబ్ మాత్రం కాదు. పోయిన మంగళవారం పొట్ట పట్టుకుని మూలిగాడు. టపా తెచ్చే ఒమూర్ మా పిండిబస్తా దింపి, అదే చోట గ్లెబ్‌ని గుర్రం మీద అడ్డంగా వేసుకుని కిందికి తీసుకుపోయాడు. అపెండిక్స్ తీసేశారట. బదులు మనిషి సెప్టెంబరుకి గానీ రాడట. అంచేత ఈ మూడువేల ఆరువందల మీటర్ల ఎత్తున శాస్త్రవిజ్ఞానమంతా ప్రస్తుతం నా ఒక్కడి భుజాల మీద ఉంది. భుజాలు నొప్పిగా ఉన్నాయి.

పని మీకు తెలిసిందే. ఈ సరస్సుకి కట్టంటూ లేదు, రాళ్లూ మంచూ కలిసిన గుట్ట అడ్డం పడి నీళ్లు ఆగాయి, అంతే. మోతాదు మించి నిండితే గుట్ట తెగుతుంది. తెగితే కింద మేతమైదానంలో ఏడు డేరాలున్నాయి, అందులో ఒకటి మా అమ్మది, అనగా మీ చెల్లెలు షాయిర్‌ది. నీటిమట్టం చూసే కొలబద్దని జూన్‌లో మంచుగడ్డ విరిచేసింది. కొత్తది వచ్చేదాకా, లోపలికి వచ్చే నల్లవాగు, తెల్లవాగు ఎంత తెస్తున్నాయి, బయటికి గండి ఎంత పోస్తోంది అని రోజూ లెక్క కట్టడమే దారి.

వాగు వెడల్పూ లోతూ వేగం గుణించాలి గనక వాటి సంవర్గమానాలు కూడతాను. వేగమంటే దూరాన్ని కాలంతో భాగించడం గనక దూరపు లాగ్‌లోంచి కాలపు లాగ్ తీసేస్తాను. గండి దగ్గర లోతుకి ఒకటిన్నర ఘాతం. ఆ ఒకటిన్నర నెత్తి మీంచి దిగి లాగ్ ముందు బుద్ధిగా నిలబడుతుంది. ఈ ధర్మాలన్నీ మీరు నాకు ఎనిమిదో ఏట చక్కెరబిళ్లల ఆశ చూపి నేర్పారు. నా పళ్లు పోయాయి గానీ ధర్మాలు నిలిచాయి.

అయితే గ్లెబ్ పద్ధతి మహా నత్త. నేనో అడ్డదారి కనిపెట్టాను. మొదటిరోజు వాడి పద్ధతిలోనూ నా పద్ధతిలోనూ చేసి చూశాను. రెండింట్లోనూ లోపలికి సెకనుకి నాలుగు ఘనమీటర్లు. బయటికీ నాలుగే. రహస్యం ఇప్పుడు చెప్పను. సెప్టెంబరులో చూపిస్తే ముప్పయ్యేళ్లు లాగ్ పట్టికలు అరగదీసిన మీరు కుర్చీలోంచి లేచి నిలబడాలి.

ఒక్కటే చిక్కు వచ్చింది. ప్రతి కాగితం మీద రెండు గడులు కదా: కొలిచి లాగ్‌లు విప్పి రాసినవాడి సంతకం ఒకటి, వాటిని మళ్లీ ఒక్క సంఖ్యలోకి మడిచి సరిచూసినవాడి సంతకం ఇంకోటి. రెండు చేతులు పడనిదే కాగితం చెల్లదు. ఉన్నది నేనొక్కణ్ణే. బల్ల పగుల్లో ఒక కాపీయింగ్ పెన్సిల్ ముక్క దొరికింది, బల్ల మీద చాకుతో చెక్కిన పేరూ కనిపించింది: ఆసానాలి. మా పెదనాన్నే! అంచేత రెండో గడిలో ఆయన పేరు పెడుతున్నాను. కుటుంబంలో ఉద్యోగం కుటుంబంలోనే ఉండనీ అని.

నీళ్ల నుంచి సరిగ్గా తొమ్మిది అడుగుల దూరంలో ఒక బల్లపరుపు రాయి ఉంది. దాని మీద కూచుని టీ తాగుతూ ఈ ఉత్తరం రాశాను.

మీ పాదధూళి,
ఉలార్‌బెక్, ప్రధాన, ఉప, ఏకైక పరిశీలకుడు

✦

ఫ్రుంజె
జూలై 11

ఒరేయ్ ఉలార్,

పిల్లి క్షేమం. గ్లెబ్ ఇక్కడి ఆస్పత్రిలోనే ఉన్నాడు, వాడికి కూరగాయల సూపు పంపాను. నీకు పంపేది తిట్లే.

ఆ పేరు కొట్టెయ్. ఈ ఉత్తరం చదివిన నిమిషాన కొట్టెయ్. గ్లెబ్ పేరు పెట్టు, ఒమూర్ పేరు పెట్టు, గుర్రం పేరు పెట్టుకో. బతికున్నవాళ్ల గడిలో పోయినవాళ్ల పేరు రాయకూడదురా. రాస్తే పనికి పిలిచినట్టు. నేను చదువుకున్నదాన్నే, అయినా అంటున్నాను.

అప్పుడు నీకు పదకొండేళ్లు, నీకు చెప్పి ఉండరు. ఆయన చివరి కాగితం నా దగ్గరే ఉంది. సాయంత్రం నాలుగు గంటల కొలత కోసం మంచు మీదికి వెళ్తూ, ముందే తేదీ వేసి, అంకెలకి చోటు వదిలి లాగ్‌ల వరస విప్పి, తన గడిలో సంతకం పెట్టాడు. ఆయన రాలేదు. కాగితం మాత్రం మామూలుగా టపాలో నా బల్ల మీదికి వచ్చింది. ఆ రోజుల్లో మడిచి సరిచూసేది ఇక్కడ ఆఫీసులో, నేనే కదా. నేను సంతకం పెడితే ఆ కాగితం ముగిసిపోతుంది. పెట్టలేదు. పదకొండేళ్లుగా సొరుగులో అలాగే తెరిచి ఉంది. పర్యవేక్షకుడు మూడుసార్లు అడిగి మానేశాడు.

ఆ పెన్సిలు నోట్లో పెట్టుకోకు. తడి తగిలితే ఊదారంగు తేలుతుంది, పోదు. ఆయన మొన నాలిక మీద తడిపి రాసేవాడు. పెళ్లిఫోటోలో కూడా పెదాలు ఊదారంగే.

అడ్డదారి ఏమిటి? లెక్కలో రహస్యమేమిటి? ఒక రోజు లెక్క మొత్తం విప్పి రాసి పంపు. జవాబులు వద్దు. మడిచిన దాంట్లో ఏ తప్పైనా దాక్కుంటుంది.

బురుల్

✦

కోక్‌ముజ్
జూలై 20

శిక్షాస్మృతి సమానురాలైన పెద్దమ్మగారికి,

ఓడిపోయాను. మీరు గెలిచారు. ఇంత చక్కటి వేళాకోళం మన వంశంలో నేను తప్ప ఇంకొకరు చెయ్యగలరని ఊహించలేదు.

మీ ఉత్తరం అందేలోపు రెండు వారాల కాగితాల్లో పెదనాన్న పేరు పెట్టాను. పోయిన ఆదివారం, వాగుల దగ్గర కొలతలు తీసుకుని నాలుగింటికి వచ్చేసరికి, నేను పేరు పెట్టకముందే రెండో గడిలో ఊదారంగు సంతకం ఉంది. ఆ బల్ల మీద చెక్కినట్టే, చివర తోక పైకి లేచి. నా లాగ్‌ల వరసకి పక్కన ఒక మీసాల బ్రాకెట్టు, వరసని సరిగ్గా సగానికి విడగొడుతూ. పైన మూడు, కింద మూడు. అంతే, ఒక్క మాట లేదు.

ఒమూర్‌కి ఏం లంచం ఇచ్చారు? నిలదీశాను. "నేనా? అంకెలు చూస్తే నాకు తలనొప్పిరా బాబూ, ఉత్తరాలు కూడా స్టాంపుల రంగు చూసి పంచుతాను" అన్నాడు. నటన బ్రహ్మాండం. పైగా వాడు వచ్చేది వారానికి ఒక్కసారి, బ్రాకెట్లు మాత్రం రోజూ పడుతున్నాయి. ఇది ఎలా చేయిస్తున్నారో కాస్త చెప్పండి.

పింగాణీ గిన్నె సంగతి మరీ అందంగా ఉంది. నాది కాక అరమీద గ్లెబ్ గిన్నె ఉంది కదా. పొద్దున్న కడిగి బోర్లించి వెళ్తాను. సాయంత్రానికి అది బల్ల మీద నిలబడి ఉంటుంది, అంచున ఊదారంగు పెదవి గుర్తుతో. ఎండ కిటికీలోంచి సరిగ్గా దాని మీదే పడుతుంది. గాలి ఉండదు, పిట్ట ఉండదు. సరస్సు మాత్రం అప్పుడప్పుడు లోపల్నుంచి గొంతు సవరించుకుంటుంది. నేను గట్టిగా "ఇంకో గిన్నె పొయ్యమంటారా?" అని అడిగాను. నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో రాలేదు.

లెక్కలకేం, దివ్యం. నిన్న లోపలికి మూడున్నర, బయటికి మూడున్నర. సరస్సు ఒళ్లు చేయలేదు, చిక్కనూ లేదు. నా అడుగులు మాత్రం పెద్దవవుతున్నాయి: రాయి దగ్గర్నుంచి నీళ్లకి ఇప్పుడు ఏడే. కొండగాలికి కాళ్లు పెరుగుతాయని వైద్యులకి రాయండి.

మీ శిష్యపరమాణువు,
ఉలార్

✦

ఫ్రుంజె
జూలై 28

ఉలార్‌బెక్,

నేను ఎవరికీ లంచం ఇవ్వలేదు. ఎవరి చేతా ఏమీ రాయించలేదు.

నీకు ఊదారంగు పెదాల సంగతి నేనే చెప్పాను. పది రోజులు తిరక్కముందే దాన్ని గిన్నె అంచున పెట్టి నాకే పంపావు. చిన్నప్పుడు నా కళ్లద్దాలకి మసి పూశావు, నవ్వాను. ఆఫీసుకి ఫోను చేసి మంత్రిగారి గొంతుతో నా జీతం పెంచమని చెప్పావు, దానికీ నవ్వాను. ఇది వేరు. నేను ఆయన కోటు ఇప్పటికీ చలికాలం ముందు ఎండలో వేస్తాను. ఆ కోటు జేబులో చెయ్యి పెట్టి నవ్వుతున్నావు నువ్వు.

విప్పి పంపమన్నదీ పంపలేదు. నాకూ ఇక అక్కర్లేదు. మనిషిలా రాయడం వచ్చినప్పుడు రాయి.

బురుల్

✦

కోక్‌ముజ్
ఆగస్టు 6

పెద్దమ్మా,

బిరుదులు లేవు ఈసారి. మీరు నమ్మరని తెలుసు. నేను కాదు. అమ్మ మీద ఒట్టు.

మీరు చెయ్యలేదు, ఒమూర్ చెయ్యలేదు, నేను చెయ్యలేదు. ఇక్కడికి ఇంకెవరూ రారు. పెన్సిలు తాళం వేసిన పెట్టెలో పెట్టాను, తాళంచెవి మెళ్లో కట్టుకున్నాను. రోజూ తీసి చూస్తే గోధుమగింజంత తరుగుతోంది. నిన్న నేను వాగుకి పోలేదు, బల్లకి ఎదురుగా రెండు నుంచి నాలుగింటి దాకా కదలకుండా కూచున్నాను. ఏమీ జరగలేదు. అబ్బ అనుకుని పొయ్యిలో పేడపిడక వెయ్యడానికి వెనక్కి తిరిగాను. మళ్లీ తిరిగేసరికి రెండో గడి నిండి ఉంది. ఎదుటి స్టూలు మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

పేరు కొట్టేశాను, మీరు చెప్పినట్టే. కొట్టేసిన గీత పక్కన మళ్లీ వచ్చింది.

నాకు భయంగా ఉంది గానీ, చిత్రంగా, ఆయన నన్ను భయపెట్టాలని చూస్తున్నట్టు లేదు. లెక్కల మాస్టారు పక్కన నిలబడి కాగితం మీద వేలుతో కొడుతున్నట్టుంది. నాకే అర్థం కావట్లేదు. అంచేత మీరడిగినట్టు మొత్తం విప్పి రాస్తున్నాను.

నా అడ్డదారి ఇది: నల్లవాగుకి మూడు లాగ్‌లు, తెల్లవాగుకి మూడు. గ్లెబ్ ఒక్కోదాన్నీ విడిగా కూడి, పట్టికలో వెనక్కి వెతికి రెండు సంఖ్యలు తీసి, వాటిని కలిపేవాడు. నేను ఆరింటినీ ఒకే నిలువు వరసలో కూడేసి, ఒక్కసారే పట్టిక చూస్తాను. నిన్నటి కూడిక 0.4771. పట్టికలో అది మూడు. గండికి మంచుగడ్డలు అడ్డుపడి ఇరుకైంది, దాంట్లోంచి పోయేదీ మూడే.

ఆయన రాసింది ఇది: బ్రాకెట్టు పైన మూడు లాగ్‌లకి ఎదురుగా 0.7782, దాని పక్కన 6. కింద మూడింటికి ఎదురుగా, తల మీద గీత ఉన్న ఒకటి, తర్వాత .6990, దాని పక్కన 0.5. కింద lg (6 + 0.5) అని రాసి, దాని చుట్టూ రెండు గీతల పెట్టె గీశాడు. చాలా గట్టిగా. కాగితం చిరిగింది.

ఆ రెండు గీతల పెట్టె అంటే ఏమిటి?

రాయి నుంచి నీళ్లకి మూడు అడుగులు. నా కాళ్లు పెరగట్లేదు పెద్దమ్మా, పాంటు పొడవు చూసుకున్నాను.

ఉలార్

✦

టెలిగ్రాం
ఫ్రుంజె, ఆగస్టు 12
ఉలార్‌బెక్, షాయిర్ డేరా, కోక్‌ముజ్ మేతమైదానం

కూడింది తప్పు. జూలై నుంచీ సరస్సు నిండుతోంది. డేరాలు విప్పి వెంటనే తూర్పు గట్టెక్కండి. సరిచూసినది బురుల్.

✦

జిల్లా కేంద్రం, ఒమూర్ వాళ్లింటి నుంచి
ఆగస్టు 19

పెద్దమ్మా,

అందరం బతికే ఉన్నాం. ముందు అది రాయాలని అమ్మ నా భుజం మీంచి చూస్తూ చెబుతోంది. అమ్మ, ఏడు డేరాల మనుషులు, నలభై రెండు గుర్రాలు, కలీల్ తాత కుక్క కూడా.

మీ తంతి వచ్చిన పొద్దునే నేను టీ గిన్నె పట్టుకుని రాయి దగ్గరికి వెళ్లాను. రాయి లేదు. నీళ్లలో ఒక జానెడు కింద తెల్లగా కనిపించింది, పైన ముందురోజు నేను వదిలిన రొట్టెముక్క తేలుతూ. లోపలికి పరుగెత్తి, సిగ్గు విడిచి, గ్లెబ్ పద్ధతిలో కట్టాను. నల్లవాగు ఆరు. తెల్లవాగు అర. లోపలికి ఆరున్నర, బయటికి మూడు. మిగతా మూడున్నర ఎక్కడికి పోతోంది? ఎక్కడికీ పోవట్లేదు పెద్దమ్మా. ఇక్కడే ఉంటోంది.

మీరు ఎనిమిదో ఏట చెప్పిందే. లాగ్‌లు కూడితే సంఖ్యలు గుణించినట్టు. నేను రెండు వాగుల్ని కలపలేదు, గుణించాను! మొదటిరోజు రెండూ రెండేసి ఉన్నాయి. రెండూ రెండూ కలిపినా నాలుగే, గుణించినా నాలుగే. ఆ ఒక్కరోజు చూసుకుని మిగతా నెలన్నర మురిసిపోయాను. తెల్లవాగు అరకి తగ్గేసరికి అది కలిసినకొద్దీ నల్లవాగు సగం అయిపోయింది, నా కాగితం మీద. ఆరులో అర కలిస్తే మూడవుతుందా? విడిగా చూస్తే పసివాడికీ తెలిసేది. నేను విడిగా ఎప్పుడూ చూళ్లేదు.

లెక్కల కాగితాలు కుట్టిన నోట్‌బుక్ పొట్టకి కట్టుకుని కిందికి పరిగెత్తాను. పెన్సిలుముక్క బల్ల మీదే వదిలేశాను, తియ్యబుద్ధి కాలేదు. మైదానంలో అందరూ గుర్రపుపాల కుమిస్ చిలుకుతున్నారు. ఏం చెప్పానో ఎలా చెప్పానో. కలీల్ తాత మీసం తుడుచుకుని, "పోయినేడు గుర్రాల తోకలు కొలిచి పంపాలని సర్కారు ఉత్తర్వు వచ్చిందని రెండు రోజులు కొలిపించావు కదరా. ఈసారి చెవులు కొలవమంటావా?" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నేను ఏడ్చాను. దానికి ఇంకా నవ్వారు, "అబ్బ, ఈసారి కళ్లనీళ్లు కూడా తెప్పించాడు" అని. అమ్మ మాత్రం నా మొహంలోకి చూస్తోంది, అటూ ఇటూ తేల్చుకోలేక.

అప్పుడు వచ్చాడు ఒమూర్, గుర్రం నోట నురగలు కక్కుతుండగా. తంతి అమ్మ చేతికిచ్చాడు. అమ్మ చదివింది. చివర మాట రెండుసార్లు చదివింది. "సరిచూసినది బురుల్."

లేచి పాలచేతులు పావడాకి తుడుచుకుని, "మా అక్క పుట్టి యాభై ఎనిమిదేళ్లు. ఇంతవరకూ ఒక్క జోకు వెయ్యలేదు. డేరాలు విప్పండి" అంది.

చీకటి పడేలోపు తూర్పుగట్టు మీదున్నాం. మర్నాడు పొద్దున్న పది గంటలకి, మంచి ఎండలో, సరస్సు ఒకసారి గొంతు సవరించుకుంది. ఈసారి సవరించుకుని ఊరుకోలేదు. నీళ్లని చెప్పలేను, కొండే లేచి నడిచినట్టు వచ్చింది. మైదానం, పొయ్యిగుంటలు, గుర్రాలు కట్టే తాళ్లు, ఏమీ లేవు. కేంద్రం ఉన్న గుట్ట భాగమూ లేదు. బల్ల, స్టూళ్లు, గిన్నెలు, అన్నీ పోయాయి.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. తూర్పు వాగు దాటేటప్పుడు గుర్రం తూలి నోట్‌బుక్ తడిసింది. ఎండబెట్టి తెరిచాను. నా సిరా మొత్తం కొట్టుకుపోయింది, నెలన్నర లెక్కలు, సంతకాలు, నా అడ్డదారి, అంతా నీలి మరకలు. ఆయన రాసింది మాత్రం తడికి ఇంకా తేటగా వచ్చింది. బ్రాకెట్లు, ఆరు, అర, ఆ పెట్టెలు. పుస్తకం ఇప్పుడు ఆయనది.

చివరి పేజీలో ఒక వరస కొత్తది. తేదీ ఆగస్టు 13, సమయం సాయంత్రం నాలుగు. సరస్సు ఖాళీ అయిన రోజు. ఆ నాలుగింటికి నోట్‌బుక్ అమ్మ పరుపు కింద, అమ్మ పరుపు మీద. రాసింది ఇంత:

నీటిమట్టం 0. లాగ్ లేదు.

మొదటి గడిలో, కొలిచినవాడి గడిలో, ఆయన సంతకం. రెండో గడి ఖాళీ. నేను దాన్ని ముట్టుకోలేదు పెద్దమ్మా. ఏం చెయ్యమంటారు?

ఉలార్

✦

ఫ్రుంజె
ఆగస్టు 27

నాయనా ఉలార్,

పిల్లి క్షేమం. నేను క్షేమం. నీ మీద కోపం పోయింది. నీ ఆగస్టు ఆరో తేదీ ఉత్తరాన్ని విప్పకుండా ఒక పూటంతా బల్ల మీద ఉంచాను, పంతంతో. ఆ పూట గురించి నేను ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. ఇద్దరం తప్పు చేశాం. నీది పట్టికలో కనపడుతుంది, నాది కనపడదు.

రెండు గీతల పెట్టె అంటే ఏమిటని అడిగావు. గుణకారం విడిపోతుంది, భాగహారం విడిపోతుంది, ఘాతం దిగొస్తుంది. కూడిక ఒక్కటే విడదీయడానికి ఏ ధర్మమూ లేదు. కొత్త పిల్లలు దాన్నే విడగొడతారు. అందుకని ఆయన, లాగ్ లోపల కూడిక ఉంటే, చుట్టూ రెండు గీతలు గీసేవాడు: దీన్ని ముట్టుకోవద్దు, ఉన్నది ఉన్నట్టు ఉంచమని. అది ఆఫీసు పద్ధతి కాదు. మా ఇద్దరికే తెలిసిన పద్ధతి. 1946లో ఒక కాగితం అంచున lg (ఆ + బు) అని రాసి, చుట్టూ రెండు గీతలు గీసి పంపాడు. అంతకుముందు మేం ఒకరినొకరం చూసుకున్నది కూడా లేదు, కాగితాలే. నేను పక్కన "సరిచూశాను" అని సంతకం పెట్టి పంపాను. మా పెళ్లిచూపులు అంతే. షాయిర్‌కి కూడా చెప్పలేదు. కనక నువ్వు అబద్ధమాడలేదని ఆ పెట్టె చూసిన క్షణాన తెలిసింది. టెలిగ్రాఫు ఆఫీసుకి చెప్పుల్లేకుండా పోయాను.

చివరి వరస సరిగ్గానే ఉంది. సున్నాకి లాగ్ ఉండదు. అప్పుడు సరిచూసే మనిషి గడి ఖాళీగా వదలకూడదు, గీత గీసి, సంతకం పెట్టి, కాగితం ముగించాలి. నియమం అది. కొలిచేవాడు వెళ్లిపోవచ్చు అని దానర్థం.

నోట్‌బుక్ తీసుకుని రా. సొరుగులోంచి ఆ పాత కాగితం కూడా తీసి పెట్టాను. కోటు ఈ ఏడు ఎండలో వెయ్యను. అది నీకు సరిపోతుంది, భుజాలు నొప్పంటున్నావు కదా.

ఒక మాట. పెన్సిలుముక్క బల్ల మీదే వదిలేశానని, బల్ల కొట్టుకుపోయిందని రాశావు. మరి నీ కవరు చింపితే నా ఒళ్లో పడిందేమిటి? గోరంత ఉంది. మొన ఇంకా తడిగా ఉంది.

ఒక్క సంతకానికి సరిపోతుంది.

మీ పెద్దమ్మ,
బురుల్